పర్యావరణ రచనల్లో కర్త లోపం: పాలారు ఉదాహరణగా

తెలుగులో పర్యావరణం మీద వస్తున్న వ్యాసాలను, పాఠ్యపుస్తకాల్లోని పాఠాలను చదువుతున్నప్పుడు ఒక వ్యాకరణ విషయం మమ్మల్ని తరచు ఆపుతూ ఉంటుంది. వాటిలో నీరు 'కలుషితమవుతుంది', అడవి 'అంతరిస్తుంది', భూమి 'వేడెక్కుతుంది'. కర్త మాత్రం కనబడడు. ఇది భాషకున్న లోపం కాదు. పూడు-పూడ్చు, చెడు-చెరుచు, ఎండు-ఎండగట్టు అని అకర్మక, సకర్మక జంటలు మనకు పుష్కలంగా ఉన్నాయి. చెరువు పూడిపోయిందనడానికీ, చెరువును పూడ్చారనడానికీ తేడా తెలియని రైతు లేడు. ఆ తేడాను వాడుకోనిది రచయితలే.

దీనికి తోడు మరో అలవాటు, సమస్యలను మెట్లుగా పేర్చడం. ఊరికి చెత్త, మురుగు. దేశానికి నదులు, అడవులు. ప్రపంచానికి ఓజోన్ పొర, భూతాపం. పరీక్షలో మార్కులు వేయడానికి ఇది అనుకూలమే. కాని నిజమైన సమస్య ఏదీ ఒక్క మెట్టు మీద కూర్చోదు.

పాలారునే చూద్దాం. నంది కొండల ప్రాంతంలో పుట్టిన ఈ నది కర్ణాటకలో 93, ఆంధ్రప్రదేశ్‌లో 33, తమిళనాడులో 222 కిలోమీటర్లు నడిచి వయలూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. మూడు రాష్ట్రాల్లోనూ దాని పక్కన తెలుగువారున్నారు. ఎగువన బేతమంగళ చెరువు కోలారు బంగారు గనులకు నీళ్లిచ్చింది. 1892 నాటి మైసూరు-మద్రాసు ఒప్పందం మొదలుకొని, 2006లో కుప్పం దగ్గర తలపెట్టిన ఆనకట్ట మీద తమిళనాడు సుప్రీంకోర్టుకు వెళ్లడం దాకా, ఇక్కడ మాట నీటి వాటా గురించే. దిగువన వాణియంబాడి, ఆంబూరు, రాణిపేటల్లో మాట వేరు. అక్కడ వచ్చే నీరు ఎంత అన్నది కాక ఎటువంటిది అన్నదే ప్రశ్న. ఒకే నదిని గురించి ఇరువైపుల తెలుగువారు మాట్లాడుకునే తెలుగు కూడా ఒకటి కాదన్నమాట.

ఆ ఊళ్లలో పూర్వం తోళ్లను తంగేడు చెక్కతో పదును చేసేవారు. అది మచ్చలేని పద్ధతి అని మేము అనడం లేదు; ఉప్పూ సున్నమూ అప్పుడూ నీళ్లలోకే పోయేవి. 1970లలో కేంద్ర ప్రభుత్వం సగం పదును చేసిన తోళ్ల ఎగుమతిని కట్టడి చేసి, పూర్తిగా తయారైన తోలును, చెప్పులను ప్రోత్సహించింది. క్రోమియం లవణాలతో పదును చేసే పద్ధతి విస్తరించింది. విదేశీ మారకద్రవ్యం వచ్చింది, బావులు చెడ్డాయి. 1996 ఆగస్టు 28న వెల్లూరు పౌరుల సంస్థ వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు, తోళ్ల పరిశ్రమల ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి కొంతగానో పూర్తిగానో పనికిరాకుండా పోయిందన్న అంచనాను పేర్కొన్నది. కలుషితం చేసినవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం మన దేశపు చట్టంలో భాగమని స్పష్టంగా చెప్పిన తీర్పు కూడా అదే. గమనించండి, ఆ సూత్రంలో కర్త ఉన్నాడు! అయినా 2025 జనవరిలో అదే ప్రాంతం విషయంలో సుప్రీంకోర్టు మళ్లీ తీర్పు ఇవ్వవలసి వచ్చింది.

ఇక్కడే 'లంద' అనే మాటను తలచుకోవాలి. తోళ్లు నానవేసే తొట్టికి అది మన పాత మాట. ఊళ్లో లంద వాసన అంటే చాలు, ఒక కులాన్ని, ఒక వాడను వేలెత్తి చూపేవారు. అక్కడ కర్తను వెతకవలసిన అవసరం ఎవరికీ రాలేదు. అదే పని యంత్రాలతో, పెట్టుబడితో వందల రెట్లు పెరిగేసరికి దాని నీటికి 'పారిశ్రామిక వ్యర్థజలం' అన్న మర్యాదైన సంస్కృత సమాసం దొరికింది, కర్త మాయమయ్యాడు. పరిభాష తటస్థంగా ఉంటుందని నమ్మే మా సహాధ్యాపకులు ఈ రెండు మాటలను పక్కపక్కన పెట్టి చూడవలసిందిగా కోరుతున్నాము.

సృజన సాహిత్యం ఈ విషయంలో కొంత మెరుగు. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' కొల్లేరు పక్క ఊళ్ల బతుకును దగ్గరనుంచి చెప్పిన నవల; సరస్సు దుస్థితిని మనుషుల ఆశల నుంచి, నిర్ణయాల నుంచి అది విడదీయదు. బుడమేరు ఎక్కడ మళ్లింది, ఉప్పుటేరు ఎందుకు మూసుకుపోతున్నది, 2002లో అంతర్జాతీయ రాంసార్ జాబితాలో చేరడం వల్ల కొల్లేటి జాలరికి ఒరిగిందేమిటి - వీటిని తేల్చవలసినది నవల కాదు, వ్యాసం. మన వ్యాసం ఆ పని చేయడం లేదు. పాలారు లోయ తెలుగువారికైతే అటువంటి నవల కూడా ఇంకా రావలసే ఉన్నది.

'పాలారు నీరు కలుషితమైంది' అన్న వాక్యాన్ని తరగతిలో ఇచ్చి, సకర్మకంగా మార్చి కర్తను పూరించమని అడగవచ్చు. తోళ్ల షాపు యజమాని అని ఒకరు రాస్తారు. అనుమతిచ్చిన అధికారి అని ఇంకొకరు, ఎగుమతి విధానం అని మరొకరు, ఆ చెప్పులు కొన్న విదేశీయుడు అని నాలుగో వారు. నాలుగింటికీ మార్కులు వేయవలసిందే.