అడుసు కింద గట్టి

ఒంటిమిట్ట చెరువు నిండిన ఏడాది కోదండరాముడి గుడికి వచ్చినవాళ్లంతా గోపురం వైపు చూస్తారు. నా కళ్లు మాత్రం నీళ్లు పారే కయ్యల మీదికి పోతాయి. కరువేళ్లలో శనక్కాయ చేలల్లో, మామిడి తోటల్లో, తారు రోడ్డు మీద ట్రాలీతో తిరిగిన ట్రాక్టరు ఆ ఏడు అడుసులోకి దిగాలి. దిగిన కాసేపటికే వెనక చక్రం గిర్రున తిరుగుతుంది, బండి మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇంజనుకు బలం తక్కువై కాదు, నేలకూ చక్రానికీ మధ్య పట్టు తెగిపోయి.

కడప సీమలో ఏడాదికి పడే వాన సుమారు 700 మిల్లీమీటర్లు. అందులో చెప్పుకోదగ్గ భాగం అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాన్ల వెంట వస్తుంది, కొన్నేళ్లు అదీ రాదు. కేసీ కాలువ కింద మైదుకూరు, చాపాడు వైపు రైతులకు మడి సేద్యం అలవాటైన పని. చెరువును నమ్ముకున్న ఊళ్లకు అది మధ్యలో ఏళ్లు వదిలేసి మళ్లీ గుర్తు తెచ్చుకోవలసిన విద్య. అందుకే దాన్ని రాసిపెట్టుకోవడం అవసరమని నాకనిపిస్తుంది.

మా జేజినాయన మడక కట్టేముందు కయ్యలోకి దిగి చేతికర్రను అడుసులోకి గుచ్చేవాడు. కర్ర జానెడు లోతు మెత్తగా పోయి, ఆపైన టక్కున ఆగేది. "అదిగో, అదే గట్టి. దాని మీద నిలబడితే ఎద్దు పనిచేస్తాది. దాన్ని పగలగొడితే మడి పాడైతాది" అనేవాడు. ఆయన గట్టి అన్నది ఏటేటా ఒకే లోతులో మడక నడిచి, ఎద్దుల కాళ్లు తొక్కి తొక్కి ఏర్పడిన పొర. పైన కలియదున్నిన మెత్తటి మట్టి రేణువులు దిగి సందులు పూడుస్తాయి, కింద ఈ పొర నీళ్లను ఇంకనివ్వకుండా నిలబెడుతుంది. నీళ్లను కొలుచుకుని వాడే సీమలో ఈ పొర కూడా ఆస్తే. చక్రం ఆ గట్టిదాకా దిగి దాన్ని అందుకోవాలి, కానీ పగలగొట్టకూడదు. అడుసులో పట్టు గురించిన విద్యంతా ఈ రెండింటి మధ్యే ఉంది.

ఎద్దుకు ఈ విద్య పుట్టుకతో వచ్చింది. దాని గిట్ట రెండుగా చీలి ఉంటుంది. అడుసులో అడుగు వేసినప్పుడు రెండు భాగాలూ విచ్చుకుని బరువును వెడల్పుగా మోస్తాయి, ఎత్తేటప్పుడు దగ్గరకు చేరి సులువుగా ఊడివస్తాయి. రబ్బరు టైరుకు ఆ విచ్చుకోవడం, ముడుచుకోవడం లేవు.

మొదటి తరం ట్రాక్టర్లకు రబ్బరే లేదు. ఇనుప చక్రాలు, వాటికి ఇనుప పళ్లు. 1932లో అమెరికాలో ఆలిస్ చామర్స్ కంపెనీ తన మోడల్ యు ట్రాక్టరుకు గాలి టైర్లు వేసి అమ్మడం మొదలుపెట్టాక, కొన్నేళ్లలోనే పొడి పొలాల నుంచి ఇనుము తప్పుకుంది. వరి మడి మాత్రం ఇనుమును మళ్లీ పిలిచింది. ఊళ్లో కేజీవీల్స్ అంటారు, దమ్ము చక్రాలన్నా అవే. గుండ్రటి ఇనుప కడ్డీల మీద యాంగిల్ పట్టీలను కాస్త వాలుగా వెల్డింగు చేసి, బోనులా కడతారు. టైరు పక్కన బోల్టులతో బిగిస్తే సగం చక్రం, టైరు తీసేసి దాని చోట పెడితే పూర్తి చక్రం. వెడల్పు పెరిగి బండి దిగబడదు, పట్టీలు అడుసును కోసుకుంటూ కిందికి దిగి గట్టిని తాకుతాయి. అదే తిరుగుడులో మట్టి కలిసిపోతుంది, గడ్డి అణిగిపోతుంది. పట్టు ఇచ్చే పనీ దమ్ము చేసే పనీ ఒకే చక్రం చేస్తుంది. కొలతలన్నీ వెల్డింగు షాపుల్లో, రైతు చెప్పే మడి లోతును బట్టి తేలుతాయి. దీన్ని నేను ఊరి చేతిపనుల్లో ఒకటిగానే లెక్కిస్తాను.

చక్రం కన్నా ముందు నీళ్ల సంగతి చూసుకోవాలి. కయ్యకు నీళ్లు పెట్టి ఒకటి రెండు రోజులు నానబెట్టాలి, నాలుగు వేళ్ల నీళ్లు నిలిచి ఉండగా దిగాలి. సగం తడిసిన నల్లరేగడి అన్నింటికన్నా కష్టం. టైరు పళ్ల సందుల్లో బంకలా నిండుకుంటుంది, నాలుగు చుట్లలో టైరు నున్నటి బంతి అయిపోతుంది. నీళ్లు నిలిచి ఉంటే ఆ మట్టి పల్చబడి కడుక్కుపోతుంది. ఎర్రనేల ఇంతగా అంటుకోదు.

టైరు ఎటు తిరిగి ఉందో కూడా చూసుకోవాలి. వెనక నిలబడి చూస్తే పైభాగంలో పళ్ల గీతలు బాణం మొనలా పైకి చూపాలి. అప్పుడు పళ్ల నడిమి కొస ముందు నేలను తాకి, మట్టిని రెండు పక్కలకూ తోసేస్తుంది. పంక్చరు వేయించినప్పుడు ఏమరుపాటున తిరగేసి బిగిస్తే మట్టంతా నడిమికే చేరి ఇరుక్కుంటుంది.

పొడి చేలో లోతు దున్నకానికి బరువు మేలు చేస్తుంది. అందుకే వెనక టైర్లలో నీళ్లు నింపుతారు. వాల్వు పైకి వచ్చేలా చక్రం నిలిపి, ముప్పాతిక వంతు దాకా నింపి, మిగతాది గాలికి వదిలేస్తారు. మన మధ్యరకం ట్రాక్టరుకు ఒక్కో టైరులో రెండు వందల లీటర్లకు అటూ ఇటూ పడతాయి. మడిలోకి దిగేముందు ఆ నీళ్లు తీసేయాలి. మెత్తటి నేలలో బరువు పట్టునివ్వదు, గట్టి పొరను పగులగొట్టి బండిని కిందికి లాగుతుంది. రోటవేటరు ఉంటే పని కొంత సులువు. దాని కత్తులు తిరిగే తీరు బండిని ముందుకే నెడుతుంది, చక్రం మీద భారం తగ్గుతుంది.

పట్టు ఎంత ఉందో తెలుసుకోవడానికి సుద్దముక్క చాలు. వెనక టైరు మీద గీత గీసి, మడక దించి దున్నుతూ పది చుట్లు తిరిగేదాకా పోయి, మొదట్లో, చివర్లో పుల్లలు పాతాలి. మడక ఎత్తి అదే దూరం నడిపితే ఎనిమిదిన్నర చుట్లు వచ్చాయనుకోండి, జారుడు 15 శాతం. పొడి చేలో అంతవరకు పరవాలేదు. అంతకు బాగా మించితే డీజిలూ రబ్బరూ నేలపాలే. జారుడు అసలే లేకపోతే బండి అనవసరపు బరువు మోస్తోందని అర్థం.

ఈ లెక్క మంచు దేశాల రైతుకూ ఇదే. కెనడాలో, అమెరికా ఉత్తర రాష్ట్రాల్లో చలికాలం ట్రాక్టరు చక్రాలకు ఇనుప గొలుసులు చుడతారు. మన దమ్ము చక్రాల పట్టీలు అడుసులో చేసే పని ఆ గొలుసులు గడ్డకట్టిన మంచు మీద చేస్తాయి. తేడా బరువులో ఉంది. గట్టి మంచు మీద పైన పల్చటి నీటి పొర జారుస్తుంది, కింద దిగబడే లోతు లేదు, కాబట్టి అక్కడ బరువు పెంచితే మేలు. టైర్లలో నింపిన మామూలు నీళ్లు గడ్డకట్టే చోట కాల్షియం క్లోరైడ్ కలిపి పోస్తారు. మంచు మీద వాళ్లు ఇసుక చల్లితే, మనం దిగబడిన చక్రం కింద కంప రెమ్మలు, వరిగడ్డి తొక్కిస్తాం.

చక్రం ఒకటే తిరుగుతూ రెండోది నిలిచిపోతే డిఫరెన్షియల్ లాక్ నొక్కాలి, వంపు తిరిగేముందు వదిలేయాలి. తిరిగే చక్రం వైపు బ్రేకును మెల్లగా తొక్కినా బలం రెండోవైపుకు మళ్లుతుంది. ఇంతవరకు సరే. దిగబడిన బండికి చక్రానికి అడ్డంగా దుంగ కట్టి, క్లచ్చు ఒక్కసారిగా వదలడం మాత్రం ఎవరూ చేయవద్దని వేడుకుంటున్నాను. చక్రం కదలక ఇరుక్కుపోతే ఇంజను బలం బండినే వెనక ఇరుసు చుట్టూ తిప్పేస్తుంది. రెప్పపాటులో ముందు చక్రాలు గాల్లోకి లేస్తాయి, బండి డ్రైవరు మీదికి వెనక్కి పడుతుంది. వెనక్కి నడిపి బయటికి తేవాలి. అది కుదరకపోతే ఇంకో ట్రాక్టరుతో, తాడును కింది కొక్కానికి తగిలించి లాగించాలి, పైన కట్టకూడదు.

పని అయ్యాక గెనిమ దాటి తారు రోడ్డు ఎక్కేముందు ఇనుప చక్రాలు విప్పాలి. వాటితో రోడ్డు మీదికి పోతే తారు లేచిపోతుంది, అందుకే అధికారులు జరిమానా వేస్తారు. విప్పేది ఒకరు, పట్టుకునేది ఇద్దరు. కాలువలో కడిగి, పట్టీల సందుల్లో మట్టి పుల్లతో గీకి, చింతచెట్టుకు ఆనిస్తారు. చెరువు మళ్లీ నిండేదాకా అవి అక్కడే ఉంటాయి. మా ఇంటి వెనక జతకు తుప్పు పట్టి ఎర్రబడింది. పోయిన వారం మా చిన్నాయన వాటి బోల్టులకు ఆయిలు పోసి, ఒక్కొక్కటీ తిప్పి చూసి, మళ్లీ బిగించి పెట్టాడు.