హోరు వినిపించని వాళ్ళు

1970లలో బ్రిటన్‌లో పెరిగినవాళ్ళని వాళ్ళ చిన్ననాటి టీవీ గురించి కదిపి చూడండి. ముచ్చటగా గుర్తుచేసుకునేవాటిలో సగం వాళ్ళని హడలగొట్టినవే ఉంటాయి. 'చిల్డ్రన్ ఆఫ్ ది స్టోన్స్' (1977)లో ఊరి చుట్టూ నిలబడ్డ రాళ్ళు, ఒకేలా నవ్వుతూ పలకరించే జనం. నీళ్ళ గుంటల దగ్గర ఆడుకోవద్దని పిల్లలకి చెప్పడానికి 1973లో ప్రభుత్వం తీయించిన చిన్న సినిమాలో ముసుగు మనిషి. ఆఫీసులో నాతో పనిచేసిన, యాభై దాటిన ఇంగ్లీషాయన ఈ జాబితాలో 'ది ఛేంజెస్'ని కూడా చేర్చాడు. అది చూశాక చాలాకాలం కరెంటు టవర్ల కింద నడవాలంటే జంకేవాడట. ఆ మాటతోనే దాన్ని వెతికి చూశాను.

బీబీసీ 1975లో పది భాగాలుగా ప్రసారం చేసిన సీరియల్ ఇది. పీటర్ డికిన్సన్ రాసిన మూడు నవలలు (1968–70) దీనికి ఆధారం. డికిన్సన్ కథలో చివర జరిగేదాన్ని ముందు రాసి, మొదలుని చివర్న రాశాడు. ఆనా హోమ్ వాటిని వరసలో పెట్టి, నిక్కీ అనే అమ్మాయి చుట్టూ ఒకే కథగా అల్లింది.

మొదటి భాగం ఇప్పటికీ ఒళ్ళు జలదరించేలా ఉంటుంది. మామూలు ఇల్లు, మామూలు సాయంత్రం. ఎక్కడినుంచో ఒక హోరు మొదలవుతుంది. అంతే, ఇంట్లోవాళ్ళు లేచి టీవీని, వంటింటి సామాన్లని పగలగొడతారు. వీధిలో జనం కార్ల మీద పడతారు. శత్రువు లేడు, యుద్ధం లేదు. ఎవరి యంత్రాన్ని వాళ్ళే అసహ్యంతో విరగ్గొడతారు. మా పనిలో ఏదైనా సిస్టమ్ కూలిపోతే లాగ్స్ తీసి కారణం పట్టుకుంటాం. ఇక్కడ యంత్రాలన్నీ బాగానే ఉన్నాయి, చెడింది వాడేవాళ్ళు. నాకు భయం వేసింది అక్కడే. భూగర్భంలో నిద్రలేచిన ఒక పాతరాయి వల్ల ఇదంతా జరిగిందని ఆఖర్లో చెప్పేసరికి ఆ భయం కాస్తా చప్పబడింది.

అయితే, ఈ పాత జ్ఞాపకాల ముచ్చట్లలో పెద్దగా వినిపించని సంగతి ఇంకొకటి ఉంది. ఆ గందరగోళంలో అమ్మానాన్నలకి దూరమైన నిక్కీ ఒక సిక్కుల గుంపుతో కలుస్తుంది. వాళ్ళకి ఆ హోరు సోకదు. యంత్రాన్ని చూస్తే అసహ్యమూ పుట్టదు. కాబట్టి, ఏ పని చేస్తే చుట్టుపక్కల జనం రెచ్చిపోతారో వాళ్ళకి తెలియదు. అది నిక్కీ చెప్పాలి. బొగ్గు గనిలోకి తీసుకెళ్ళే కానరీ పిట్టలాగ అన్నమాట. వాళ్ళు ఒక పాడుబడ్డ పొలంలో కొలిమి పెట్టి, ఇనప పనిముట్లు చేసి ఊళ్ళోవాళ్ళకి ఇస్తారు. ఊరు మాత్రం వాళ్ళని 'దయ్యం పిల్లలు' అంటుంది. చివరికి దొంగలు ఊరి మీద పడితే కాపాడేది వాళ్ళే.

కాలం గుర్తుపెట్టుకోవాలి. వలసల మీద ఈనక్ పావెల్ బర్మింగ్‌హామ్‌లో విషం కక్కింది 1968 ఏప్రిల్‌లో. ఆయన నియోజకవర్గం ఉన్న వుల్వర్‌హాంప్టన్‌లోనే సిక్కు బస్సు కార్మికులు తలపాగా కోసం పోరాడి, 1969లో సాధించుకున్నారు. అలాంటి రోజుల తర్వాత, పిల్లల సీరియల్లో తలపాగా కట్టుకున్నవాళ్ళని బుద్ధిమంతులుగా, ధైర్యవంతులుగా చూపించడం చిన్న విషయం కాదు.

కానీ నాకొక పేచీ ఉంది. సిక్కులకి ఆ హోరు ఎందుకు సోకదు? ఆ పిచ్చి ఆ నేలలోంచి పుట్టి ఆ నేల మనుషులకే పట్టిందంటే, పట్టనివాళ్ళు ఆ నేలవాళ్ళు కాదనేగా అర్థం? గుంపులో పిల్లలూ ఉన్నారు. అక్కడే పుట్టి పెరిగిన పిల్లకైనా ఆ హోరు వినిపించదా? పావెల్ ద్వేషంతో గీసిన గీతనే ఈ కథ ప్రేమతో గీస్తోందేమో అనిపించింది. వాళ్ళు మంచివాళ్ళే, మనకంటే తెలివైనవాళ్ళే, కానీ మనవాళ్ళు కారు. ఇంగ్లండులో పిల్లల్ని పెంచుతున్న మన తెలుగువాళ్ళకి ఈ మర్యాదైన దూరం గురించి విడమరచి చెప్పక్కర్లేదు.

అలాగని దీన్ని పక్కన పెట్టేయమనను. పక్కింటివాళ్ళు ఒక్క పూటలో గుంపుగా మారిపోవచ్చన్న సంగతిని పిల్లలకి ఇంత సూటిగా చెప్పిన సీరియల్ నేనింకోటి చూడలేదు. తర్వాతి భాగాల్లో యంత్రాల జోలికి వెళ్ళినవాళ్ళకి మంత్రగత్తెలని పేరుపెట్టి శిక్షలు వేస్తారు. నిక్కీ కూడా అందులో చిక్కుకుంటుంది. నిన్నటిదాకా టీవీ చూసినవాళ్ళే ఆ తీర్పు చెప్పేది. అప్పటి పిల్లలకి టవర్ల తీగలు గుర్తుండిపోవడం సహజం. ఇప్పుడు చూసేవాళ్ళు మాత్రం తీగల కన్నా మనుషుల మొహాలు చూడండి, ముఖ్యంగా తలపాగాల వైపు ఊరు చూసే చూపు.