మూడు మీటలు, ఒక ఊపిరి

మహారాష్ట్రలోని గడ్‌చాందూర్ పెళ్లి బరాత్‌లో ట్రంపెట్ ఊదే మనిషికి కుర్చీ ఉండదు, కళ్ల ముందు స్వరాల కాగితమూ ఉండదు. నడుస్తూ, జనాన్ని తప్పించుకుంటూ, సిమెంటు లారీల హారన్లను మించి వినబడాలి. మరాఠీ పాట ముగియగానే తెలుగు పాట అడుగుతారు. 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉన్న రాజురా ప్రాంతం కదా ఇది!

ఆ వాయిద్యానికి ఉన్నవి మూడే మీటలు. నడిమిది స్వరాన్ని అరమెట్టు దించుతుంది, మొదటిది ఒక మెట్టు, మూడోది ఒకటిన్నర. మిగతాదంతా పెదవుల పనే. మీట కదపకుండానే, బిగింపు మార్చి ఐదారు స్వరాలు పలికిస్తాడు. గమకం కావాలంటే సగం నొక్కిన మీటతో జారుస్తాడు. గంటల తరబడి ఊదితే పెదవి మొద్దుబారుతుంది. అయినా అప్పగింతల వేళకు ధ్వని తగ్గించి, మెత్తగా ఊదుతాడు. నాకు అన్నిటికన్నా అదే గొప్ప.

ఈ ఊదుడులో జాజ్ పలుకూ ఉంది. బొంబాయి తాజ్ హోటల్లో జాజ్ వాయించిన గోవా ట్రంపెటర్ చిక్ చాకొలేట్‌ను భారత లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్నారు. సంగీత దర్శకుడు సి. రామచంద్ర సినిమా సంగీతంలో చిక్ ఊపిరి ఉంది. హిందీ పాటల వెంట ఆ జాజ్ పలుకు పెళ్లి బ్యాండులదాకా నడిచొచ్చింది.

ఆషాఢంలో ముహూర్తాలుండవు. అప్పుడూ మీటలకు నూనె వేయాలి, రోజూ కాసేపు ఊదాలి. లేకపోతే పెదవి పట్టు తప్పుతుంది.