నిపుణుడు ఎవరికి? – దామగుండం నేపథ్యంలో పర్యావరణ ప్రభావ నివేదికల భాష: ఒక విమర్శ

ఉపోద్ఘాతం

వికారాబాద్ జిల్లా పూడూరు మండలంలోని దామగుండం రిజర్వు అడవిలో భారత నౌకాదళం అతి తక్కువ పౌనఃపున్య సమాచార కేంద్రాన్ని తలపెట్టింది. ఇందుకోసం కేటాయించిన అటవీభూమి 1,174 హెక్టార్లు, అంటే సుమారు 2,900 ఎకరాలు. 2024 అక్టోబరు 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ దీనికి శంకుస్థాపన చేశారు. తమిళనాడులోని తిరునల్వేలి జిల్లా విజయనారాయణంలో 1990 నుంచి పనిచేస్తున్న ఐ.ఎన్.ఎస్. కట్టబొమ్మన్ తరువాత దేశంలో ఈ తరహా కేంద్రం ఇది రెండవది. 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య ఉండే ఈ తరంగాల పొడవు పది నుంచి వంద కిలోమీటర్ల వరకు ఉంటుంది. సముద్రజలంలోకి కొన్ని మీటర్ల లోతు వరకు చొచ్చుకుపోగలవు కనుక జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి ఇవి అవసరమవుతాయి.

ఈ కేంద్రం దేశానికి అవసరమా, కాదా అన్నది ఈ వ్యాసం తేల్చదలచిన విషయం కాదు. దాని చుట్టూ జరిగిన చర్చలో రెండు పక్షాలూ ‘నిపుణులు’ అన్న మాటను పదేపదే వాడాయి. హాని లేదని నిపుణులు తేల్చారని ఒక పక్షం చెప్పింది. స్వతంత్ర నిపుణులతో అధ్యయనం చేయించాలని రెండవ పక్షం కోరింది. ఒక అడవి గురించి ప్రామాణికంగా మాట్లాడే అధికారం ఎవరికి, ఎవరి ఖర్చుతో, ఏ భాషలో లభిస్తున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. ఇది పర్యావరణ శాస్త్రవేత్తలకు వదిలివేయదగిన ప్రశ్న కాదు. దీనిలో సగభాగం భాషకు సంబంధించినది.

‘దేనిలో’, ‘ఎవరికి’

తెలుగులో ‘నిపుణుడు’ అన్న పదం ‘దేనిలో?’ అన్న ప్రశ్నను ఆశిస్తుంది. సంగీతంలో నిపుణుడు, వైద్యంలో నిపుణుడు అంటాము. ‘సలహాదారు’ అన్న పదం ‘ఎవరికి?’ అన్న ప్రశ్నను ఆశిస్తుంది. ప్రభుత్వానికి సలహాదారు, కంపెనీకి సలహాదారు అంటాము. మొదటి పదానికి విద్య ఆధారం, రెండవ పదానికి యజమాని ఆధారం. పర్యావరణ ప్రభావ నివేదికను తయారుచేసే వ్యక్తి చట్టం దృష్టిలో ‘కన్సల్టెంట్’, అంటే సలహాదారు. వార్తల్లోకీ ఉపన్యాసాల్లోకీ వచ్చేసరికి అతడే నిపుణుడవుతున్నాడు. ఈ మార్పుతో ‘ఎవరికి?’ అన్న ప్రశ్న వాక్యంలోంచి జారిపోతున్నది.

ఆ ప్రశ్నకు సమాధానం మాత్రం చట్టంలో స్పష్టంగానే ఉన్నది. పర్యావరణ పరిరక్షణ చట్టం (1986) కింద 1994 జనవరి 27న వెలువడిన నోటిఫికేషన్‌లోనూ, దాని స్థానంలో వచ్చిన 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్‌లోనూ నివేదికను సమర్పించే బాధ్యత ప్రాజెక్టు ప్రతిపాదకునిదే. సలహాదారును ఎంచుకునేది అతడే, రుసుము చెల్లించేదీ అతడే. పరీక్ష రాసేవాడే పరీక్షకుణ్ణి నియమించుకునే పద్ధతి విశ్వవిద్యాలయంలో ఉంటే ఆ పట్టాకు ఎంత విలువ ఇస్తామో ఈ పత్రిక పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఈ లోపాన్ని న్యాయస్థానాలు గమనించకపోలేదు. 2011లో లఫార్జ్ కేసు తీర్పులో సుప్రీంకోర్టు, గుర్తింపు పొందిన సంస్థల జాబితా నుంచే నివేదికలు తీసుకోవాలని చెప్పింది. ఒక స్వతంత్ర నియంత్రణ వ్యవస్థను ఏర్పాటు చేయాలనీ చెప్పింది. గుర్తింపునిచ్చే పని నేడు భారత నాణ్యతామండలి పరిధిలో జరుగుతున్నది. గుర్తింపు వల్ల సలహాదారుకు అర్హత ఉన్నదని తెలుస్తుంది. ‘దేనిలో?’ అన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరికింది. ‘ఎవరికి?’ అన్నది ఉన్నచోటనే ఉన్నది.

ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో మహారాష్ట్రలోని రత్నగిరి జిల్లాలో తెలిసింది. అక్కడి ఒక బాక్సైట్ గని కోసం సమర్పించిన నివేదికలో రష్యాలోని ఒక గని నివేదిక నుంచి ఎత్తిరాసిన భాగాలు బయటపడ్డాయి. కొంకణ తీరంలో ఎన్నడూ మొలవని శీతల దేశాల చెట్లు ఆ నివేదికలో మొలిచాయి. ఊరిని చూడకుండానే ఊరి గురించి రాయవచ్చునని దీనివల్ల రుజువైంది.

మూసీ పరీవాహకం నుంచి ఒక తీర్పు

దామగుండానికి దగ్గరలోని అనంతగిరి కొండల్లో పుట్టిన మూసీ దిగువన ఉస్మాన్‌సాగర్‌ను నింపుతుంది. నిపుణుల అవసరం గురించి మన న్యాయచరిత్రలో వచ్చిన ముఖ్యమైన తీర్పులలో ఒకటి ఈ జంట జలాశయాల పరీవాహకానికి చెందినదే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో కాలుష్యకారక పరిశ్రమలను నిషేధించిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు (1996) పరిధిలోని పెద్దషాపూర్ దగ్గర ఒక నూనె కర్మాగారం నిర్మాణం వివాదమైంది. ‘ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలి ఎదురు ఎం.వి. నాయుడు’గా ప్రసిద్ధమైన ఆ వ్యాజ్యంలో 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాథరావు తీర్పు రాశారు. సాంకేతిక పరిజ్ఞానం లేని అప్పీలు అధికారులు శాస్త్రసంబంధమైన వివాదాలను ఎలా తేల్చగలరన్నది ఆ తీర్పు వేసిన ప్రధాన ప్రశ్న. శాస్త్రం అనిశ్చితంగా ఉన్నప్పుడు హాని లేదని నిరూపించే భారం మార్పును తలపెట్టినవారి మీదే ఉంటుందన్న సూత్రాన్ని అది వివరంగా చర్చించింది.

న్యాయమూర్తుల పక్కన నిపుణులను కూర్చోబెట్టాలన్న ఆ ఆలోచన 2010 నాటి జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టంలో రూపుదాల్చింది. అయితే అందులో నిపుణ సభ్యునికి ఉండవలసిన అర్హతలను చూడాలి. విజ్ఞాన, సాంకేతిక శాస్త్రాలలో ఉన్నత పట్టాలతో కూడిన అనుభవం ఒక దారి, పర్యావరణ వ్యవహారాలతో కూడిన పరిపాలనానుభవం ఇంకొక దారి. నలభై ఏళ్లు ఒకే అడవిలో పశువులను మేపిన వ్యక్తికి అక్కడ సాక్షి స్థానం లభించవచ్చు, నిపుణ స్థానం లభించదు. తీర్పు చెప్పే పీఠానికి ఈ విభజన కొంతవరకు తప్పదేమో. నివేదిక రాసే దశకు కూడా దీన్నే పొడిగించడం వల్లనే చిక్కు వచ్చింది.

చెట్టు అంటే ఏది? ఒర్రె ఎక్కడ?

దామగుండం చర్చలో అందరినీ ఆకర్షించిన అంకె చెట్లది. పన్నెండు లక్షల చెట్లు పోతాయని ఉద్యమకారులు అన్నారు. అటవీశాఖ లెక్కగా పత్రికల్లో వచ్చిన సంఖ్య రెండు లక్షల లోపు. ఒకరు అబద్ధమాడుతున్నారని రెండవవారు అనుకోవడంతోనే ఈ వాదం ఆగిపోయింది. ‘చెట్టు’ అన్న పదాన్ని రెండు పక్షాలూ ఒకే అర్థంలో వాడుతున్నాయా అని అడిగినవారు అరుదు. అటవీ గణనలో చెట్టును రొమ్మెత్తున, అంటే నేలనుంచి 1.37 మీటర్ల ఎత్తున, చుట్టుకొలత తీసి తరగతులుగా లెక్కిస్తారు. నిర్ణీత చుట్టుకొలతకు చేరని మొక్క ఆ పట్టికలోకి రాదు. తెలంగాణ మెట్ట అడవుల స్వభావం తెలిసినవారికి దీని పర్యవసానం అర్థమవుతుంది. మోదుగు, తునికి, సీతాఫలం, తంగేడు, పరికి వంటివి ఈ నేలల్లో చాలాచోట్ల పొదలుగా, మోళ్ల నుంచి లేచిన పిలకలుగానే ఉంటాయి. బీడీ పరిశ్రమకు పనికివచ్చే తునికాకు లేత పిలకలదే. విస్తళ్లు కుట్టడానికీ మోదుగుచెట్టు చుట్టుకొలతతో పని లేదు. అంటే మనుషులకు బతుకుతెరువునిచ్చే వృక్షసంపదలో పెద్ద భాగం గణనలో ‘చెట్టు’ కాకుండా పోతున్నది.

కొలమానం శాస్త్రీయం కాదని దీని అర్థం కాదు. ఆ కొలమానం కలప విలువను కట్టడానికి పుట్టినది. కలపను కొలిచే బద్దతో అడవిని కొలిచి, ఆ అంకెను అడవి అంకెగా ప్రకటించినప్పుడు విమర్శ అవసరమవుతుంది. పన్నెండు లక్షలు అన్నవారు కూడా తాము దేనిని చెట్టుగా లెక్కించారో చెప్పవలసి ఉన్నది. చెప్పి ఉంటే వారి వాదం బలపడేది.

నీటి విషయం ఇంకా సున్నితమైనది. ప్రభావ అధ్యయనాలలో పది కిలోమీటర్ల వ్యాసార్ధంలో ప్రాథమిక సమాచారాన్ని సేకరిస్తారు. చాలా రకాల ప్రాజెక్టులకు వర్షాకాలం కాని ఒక్క ఋతువు సమాచారం సరిపోతుంది. ఈ ప్రాంతంలో నీటి ఉనికి తెలిసేది వానాకాలంలోనే. ఒర్రె, వాగు, కుంట, చెలిమె, గుండం అని ఇక్కడి వాడుకలో నీటికి ఉన్న పేర్లు ఒక్కొక్కటి ఒక్కొక్క కాలాన్నీ ప్రవర్తననూ సూచిస్తాయి. ఒర్రె వానపడితే పారుతుంది. చెలిమె వాగు ఎండిన తరువాత ఇసుకలో తోడుకునేది. గుండం ఎండల్లోనూ నీరు నిలిచేది. దామగుండం అన్న ఊరిపేరే ఒక జలవిజ్ఞాన వాక్యం. మార్చి నెలలో వచ్చి చూసిన సలహాదారుకు ఒర్రె ఎండిన పల్లంగానే కనబడుతుంది. అతడు తన పటంలో అబద్ధం రాయడు, చూసినదే రాస్తాడు.

అడవిలోని రామలింగేశ్వరస్వామి ఆలయానికి భక్తుల రాకపోకలు కొనసాగుతాయన్న హామీ వేదికల మీద వినిపించింది. ఆలయానికి పేరున్నది, గోపురమున్నది, పటంలో గుర్తు ఉన్నది. ఒర్రెకు హామీ ఇవ్వాలంటే మొదట అది ఎక్కడైనా రాసి ఉండాలి.

కర్త లేని వాక్యాలు

2006 నోటిఫికేషన్ ప్రకారం నివేదిక సంక్షిప్తాన్ని స్థానిక భాషలోనూ ఇవ్వాలి. పూర్తి నివేదికకు ఆ నియమం లేదు. వందల పుటల ఇంగ్లీషు గ్రంథానికి కొద్ది పుటల తెలుగు సారాంశం దక్కుతుంది. ఆ తెలుగు ఎలా ఉంటుందో ప్రజాభిప్రాయ సేకరణలకు వెళ్లినవారికి తెలిసినదే. ‘తగు చర్యలు తీసుకొనబడును’, ‘ప్రభావము స్వల్పముగా నుండును’ వంటి వాక్యాలతో అది నిండి ఉంటుంది. కర్మణి ప్రయోగం తెలుగు పలుకుబడికి సహజం కాదని మన వ్యాకర్తలు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఇక్కడ అది శైలీదోషంతో ఆగదు. చర్యలు ఎవరు తీసుకుంటారో ఆ వాక్యం చెప్పదు. పదేళ్ల తరువాత చర్యలు జరగలేదని ఒక రైతు ఫిర్యాదు చేయదలిస్తే ఆ వాక్యంలో పట్టుకోవడానికి కర్త దొరకడు. ‘స్వల్పం’ అన్న విశేషణానికి కొలత లేదు, ఎవరికి స్వల్పమో తెలియదు.

పూడూరు విషయంలో ఈ కొద్దిపాటి తెలుగుకు కూడా చట్టపరమైన పూచీ లేదు. జాతీయ రక్షణ, భద్రతలకు సంబంధించిన ప్రాజెక్టులను అదే నోటిఫికేషన్ ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయించింది. రహస్యం యంత్రాలకు, సంకేతాలకు అవసరమన్నది ఒప్పుకోవలసిందే. ఒర్రెల దారిలోగాని, సీతాఫలం కాపులోగాని శత్రువుకు పనికివచ్చే రహస్యం ఏముంటుందో ఊహించడం కష్టం. రక్షణ మినహాయింపును సాంకేతిక భాగానికి పరిమితం చేసి, నేల, నీరు, జీవనోపాధి భాగాలను బహిరంగం చేయడం అసాధ్యమేమీ కాదు.

భాషాప్రశ్న న్యాయస్థానం గడప తొక్కిన సందర్భం కూడా ఉన్నది. 2020లో కొత్త ప్రభావ అంచనా నోటిఫికేషన్ ముసాయిదా వెలువడినప్పుడు, దానిని ఎనిమిదవ షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు ఆ ఏడాది జూన్ 30న ఆదేశించింది. ఆ వ్యాజ్యం వేసినవారు భాషాశాఖలవారు కారు. తెలుగు కోసం, ఇంకా ఇరవై ఒక్క భాషల కోసం ఒక పర్యావరణ కార్యకర్త వాదించవలసి వచ్చింది.

ప్రజలు నియమించుకున్న నిపుణుడు

ప్రతిపాదకుడు కాక ప్రభావితులే నిపుణులను నియమించుకునే పద్ధతి ఊహాలోకానిదా? కెనడా ఉత్తర ప్రాంతంలో యాభై ఏళ్ల కిందటే దాన్ని అమలుచేసి చూశారు. మెకెంజీ లోయ గుండా సహజవాయు గొట్టపుమార్గం వేయాలన్న ప్రతిపాదన మీద 1974లో అక్కడి ప్రభుత్వం జస్టిస్ థామస్ బెర్జర్‌ను విచారణకు నియమించింది. కంపెనీల వైపు శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు, న్యాయవాదులు బారులు తీరి ఉంటారు. ఎదుటివారు చేతులు కట్టుకుని నిలబడితే దానిని విచారణ అనలేమని బెర్జర్ భావించారు. ఆయన సిఫారసుతో ఆదివాసీ సంఘాలకు, పర్యావరణ బృందాలకు, స్థానిక పురపాలకాలకు ప్రభుత్వనిధి అందింది. ఆ డబ్బుతో వారు తమ సొంత నిపుణులను పెట్టుకున్నారు, కంపెనీ నిపుణులను ఎదురుప్రశ్నలు వేశారు.

దానికి సమాంతరంగా బెర్జర్ 35 జనావాసాలకు వెళ్లారు. ప్రజలు తమ భాషల్లోనే సాక్ష్యం చెప్పారు, దుబాసీలు అనువదించారు, రేడియో ఏ రోజు విచారణను ఆ రోజు ఆదివాసీ భాషల్లో వినిపించింది. వేటదారులను, ఉచ్చుల వరసలను దెనె ప్రజలు పటాలుగా గీసి సమర్పించారు. 1977 నివేదికలో ఆ సాక్ష్యాలు శాస్త్రవేత్తల వాంగ్మూలాల పక్కనే నిలిచాయి. లోయలో గొట్టపుమార్గాన్ని పదేళ్లు వాయిదా వేయాలని బెర్జర్ సిఫారసు చేశారు. ఆ విచారణను వేయించినదీ, దానికి ఖర్చుపెట్టినదీ ప్రభుత్వమేనని గమనించాలి.

మన దగ్గర ఆ నిధి లేదు. అందువల్ల ప్రజల పక్షాన నైపుణ్యం వ్యక్తుల త్యాగం మీద నడుస్తున్నది. పటాన్‌చెరు పారిశ్రామిక కాలుష్యం మీద డాక్టర్ ఎ. కిషన్‌రావు తన వైద్యవృత్తి మధ్యనే దశాబ్దాల పాటు పోరాడారు. 2025 ఏప్రిల్‌లో కంచ గచ్చిబౌలి వివాదం సుప్రీంకోర్టుకు చేరినప్పుడు అక్కడి పక్షుల గురించి, చెట్ల గురించి బహిరంగ చర్చకు ఆధారమైనవాటిలో విశ్వవిద్యాలయ విద్యార్థులు, పరిశోధకులు సొంత ఆసక్తితో కూర్చుకున్న జాబితాలు ఉన్నాయి. గచ్చిబౌలికి విశ్వవిద్యాలయం పక్కనే ఉన్నది. పూడూరుకు లేదు.

తెలుగు శాఖల పని

ఇటువంటి పనికి తెలుగులో పూర్వరంగం లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించిన ‘మాండలిక వృత్తిపదకోశం’ తొలి సంపుటాన్ని భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలతో రూపొందించారు. పదాలను గ్రంథాల నుంచి ఏరలేదు, జిల్లాలు తిరిగి రైతుల నోట విని సేకరించారు. ఆ పద్ధతిని అడవికీ నీటికీ వర్తింపజేస్తే వచ్చేది నిఘంటువు మాత్రమే కాదు, ప్రభావ నివేదిక పక్కన పెట్టి సరిచూడదగిన పత్రం. ఏ ఒర్రె ఏ వాగులో కలుస్తుంది, ఏ గుండంలో ఏ నెల దాకా నీరుంటుంది, ఏ పొదను ఏ పనికి ఏ పేరుతో పిలుస్తారు అన్న వివరాలు గ్రామాలవారీగా, చెప్పినవారి వయసుతో, సేకరించిన తేదీతో నమోదైతే సలహాదారు దానిని ‘స్థానికుల అభిప్రాయం’ అని పక్కన పెట్టలేడు.

మన శాఖల్లో మాండలిక పరిశోధనలు ఏటా నమోదవుతూనే ఉన్నాయి. వాటిలో అధికభాగం బంధువాచకాల మీద, సామెతల మీద, కథల్లోని యాస మీద ఆగిపోతున్నాయి. పూడూరు మండలంలోని అటవీ అంచు గ్రామాల నీటిపదాల మీద ఒక ఎం.ఫిల్. స్థాయి పని కూడా కొన్ని నెలల్లో పూర్తి కాగలదు. విజయనారాయణం చుట్టుపక్కల తమిళ గ్రామాల అనుభవాన్ని తమిళ శాఖల సహకారంతో ఇదే పద్ధతిలో రాయించవచ్చు. తిరునల్వేలిలో ఏమీ కాలేదు కదా అన్న వాదానికి మూడు దశాబ్దాల మీది మనుషుల మాటతో, అనుకూలమైనా ప్రతికూలమైనా, జవాబు దొరుకుతుంది. దామగుండంలో మాత్రం గడువు తక్కువ. పేర్లు చెప్పగలవారు పెద్దవయసు వారు, నిర్మాణం మొదలైన తరువాత వారిని వెంటబెట్టుకుని ఒర్రెల వెంబడి నడవడానికి అనుమతి పత్రం కావలసి వస్తుంది.