జంట తీగ తీసేస్తేనే గమకం

పాశ్చాత్య వాద్యాన్ని మన కర్ణాటక సంగీతంలోకి దించుకోవడం తెలుగువాళ్లకూ తమిళులకూ కొత్త కాదు. బాలుస్వామి దీక్షితులు రెండు వందల ఏళ్ల కిందటే వయొలిన్ నేర్చారు. శ్రుతి మార్చి, కింద కూర్చుని వాయించే తీరు అలవాటు చేసుకుంటే వయొలిన్ మనదైపోయింది. దానికి మెట్లు లేవు, కాబట్టి వేలు ఎటు జారితే స్వరం అటు జారుతుంది. మాండలిన్‌తో పని అంత సులువుగా తెమలలేదు.

మామూలు మాండలిన్‌కు నాలుగు జతలుగా ఎనిమిది తీగలు. మోగే తీగ పొడవు సుమారు 14 అంగుళాలే. మీటగానే గణగణ మోగి వెంటనే ఆరిపోతుంది. ఆ లోటు కప్పుకోడానికే ఇటలీ వాదకులు ఒకే స్వరాన్ని గబగబా, ఎడతెరిపి లేకుండా మీటుతారు. మన ఆలాపనలో అలా చేస్తే రాగం ముక్కలైపోతుంది. పోనీ వీణ మీద లాగినట్టు తీగను పక్కకు లాగుదామా అంటే, జతలో రెండు తీగలూ సరిసమానంగా సాగాలి. ఒకటి వెంట్రుకవాసి వెనకబడినా అపశ్రుతే.

పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ ఈ చిక్కును విప్పారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసుడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు దాన్నే తీగ మీద పలికించేవాడు. వేళ్లకు ముందే తయారైన పద్ధతేదీ లేకపోవడంతో గొంతులోని గమకమే, అంటే స్వరాన్ని ఊపి జార్చే తీరే, కొలమానమైంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాల్లో తొలి కచేరీ చేసేనాటికి అతనికి తొమ్మిదేళ్లు.

శ్రీనివాస్ చేసిన మార్పు చెప్పడానికి చిన్నది. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు కట్టించారు. మంద్రస్థాయి అందేందుకు అయిదో తీగ చేర్చారు. డొల్ల డొక్కకు బదులు ఎలక్ట్రిక్ గిటార్‌లా గట్టి చెక్క వాడారు. డొల్ల వాద్యంలో తీగ తన శక్తిని పైచెక్కను కదిలించడానికే ఖర్చు చేసుకుంటుంది. గట్టి చెక్క మీద ఆ ఖర్చు తక్కువ, కదలిక ఎక్కువసేపు నిలుస్తుంది. తీగ కింది పికప్‌లో అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగి తీగ చుట్ట ఉంటాయి. ఉక్కు తీగ కదిలితే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. యాంప్లిఫయర్ దాన్ని పెంచుతుంది. దాంతో ఒక్క మీటుకే వేలు రెండు మూడు మెట్లు జారి వచ్చేదాకా నాదం బతికి ఉంటుంది.

ఎలక్ట్రిక్ వాద్యాల్లో దీనికి పూర్తిగా వ్యతిరేకమైన దారీ ఉంది. 1960ల్లో జపాన్ టైస్కో కంపెనీ కొన్ని గిటార్లకు నాలుగేసి పికప్‌లు, వరుసగా స్విచ్‌లు బిగించి అమ్మింది. రకరకాల ధ్వనులు కావాలనుకునేవాళ్లకు అది సరే. శ్రీనివాస్‌కు కావలసింది ఒకే ఒక్క నాదం, అదీ తెగకుండా. అందుకే ఆయన రూపకల్పనలో చేర్చిన వాటికంటే తీసేసినవే ముఖ్యం.

కరెంటుతో మోగేది కర్ణాటక వాద్యమెలా అవుతుందన్న సందేహం ఉన్నవాళ్లు ఆయన తోడి రాగం వినాలి. అందులో గాంధారం ఒక మెట్టు మీద నిలిచే స్వరం కాదు, రిషభ మధ్యమాల మధ్య ఊగుతూ పలకాలి. ఆ ఊపు ఆయన మాండలిన్‌లో ఎక్కడా తెగదు.