తోలు ఒర: అమెరికా పశ్చిమసీమ కుట్టుపని

నడుమున ధరించు రివాల్వరుకు కుట్టిన తోలు ఒర మూడు ధర్మములను ఏకకాలమున నెరవేర్పవలసియున్నది. గుఱ్ఱము దౌడు తీయునపుడును, మనుష్యుడు కంచె దాటునపుడును ఆయుధమును జాఱనీయరాదు. చేయి వేసి లాగినపుడు ప్రతిఘటింపక విడువవలెను. తక్కిన కాలమంతయు ట్రిగ్గరును కొమ్మల రాపిడినుండియు, అజాగ్రత్తగా తగులు వ్రేలినుండియు కాపాడవలెను. వీనిలో మొదటి రెండును పరస్పర విరుద్ధములు. గట్టిగా పట్టునది సులభముగా విడువదు, సులభముగా విడుచునది గట్టిగా పట్టదు. ఈ విరోధమును లోహపు బిళ్లలతో గాక, తోలును తడిపి, ఆయుధపు ఒంపులకు హత్తించి, ఆఱబెట్టి పరిష్కరించుటయే ఈ కళయందలి మర్మము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో జీవనోపాధికి గాక కేవలము అభిరుచిచేత, ఇంటి వెనుకగదిలోనో కారుకొట్టములోనో కూర్చుండి ఈ ఒరలు కుట్టువారు నేటికిని పెక్కుమంది కలరు. వారి శ్రమకు గల విలువ పైపై నగిషీలందు గాక, ఒక్క ఆయుధమునకు ఒక్క ఒర అను ఈ హత్తుటయందే యున్నదని నా దృఢవిశ్వాసము.

శామ్యూల్ కోల్ట్ 1836లో తన రివాల్వరుకు పేటెంటు పొందుటకు పూర్వము, పిస్తోళ్లు తఱచుగా గుఱ్ఱపు జీనుకు ముందుభాగమున వ్రేలాడు జంట ఒరలలో ప్రయాణము చేయుచుండెడివి. 1849 నాటి కాలిఫోర్నియా బంగారు వేటతో జనులు తండోపతండములుగా పడమటికి నడువగా, ఆయుధము జీనును విడిచి నడుమునకు చేరుట ప్రబలినది. అప్పటి ఒర గొట్టము వెంబడి సన్నగా దిగి, తూటాల చక్రము కడ మాత్రము ఉబ్బి, ఆయుధపు ఆకృతినే అనుసరించుచుండెను. తరువాతి సేకరణకర్తలు దానిని స్లిమ్ జిమ్ అని పిలిచిరి. 1870 తరువాత లోహపు తూటాలు ప్రబలి, వానిని వరుసగా గ్రుచ్చుకొను వెడల్పైన పటకాలు వాడుకలోనికి రాగా, ఈ సన్నని ఒరకు వెనుక కుట్టిన ఇఱుకైన కంత ఆ పటకాను ఇముడ్చుకొనజాలకపోయెను. ఆ చిక్కును విప్పినది మెక్సికో పద్ధతి ఒర. ఒకే పెద్ద తోలుముక్కను వెనుకకు మడిచి, ఆ వెనుకరెక్కకు అడ్డముగా గాట్లు కోసి, ఒరను ఆ గాట్లలోనుండి దూర్చి నిలుపుట దాని విధానము. పటకాకు తగిలించుటకై వేఱొక ముక్క కుట్టనక్కఱలేదు. ఒర బరువే ఒరను స్థిరపఱచును. వైయోమింగ్ రాష్ట్రమందలి షయెన్ పట్టణమున జీనులు కుట్టిన ఎఫ్. ఎ. మీనియా వంటి వారి అంగళ్లనుండి వెలువడిన ఇట్టి ఒరలు నేడు మ్యూజియములలో భద్రముగా నున్నవి.

ఇరువదవ శతాబ్దమున టెక్సాస్ రాష్ట్రపు ఎల్ పాసో నగరమందు ఎస్. డి. మైరెస్ అను జీనుల పనివాడు, శాంతిభద్రతల అధికారి టామ్ త్రీపర్సన్స్ కొఱకు కుట్టిన ఒర మఱియొక మలుపు. అందు వెనుకరెక్కను కోసివైచి, తోలును ఆయుధమునకు బిగువుగా హత్తించి, పిడిని కొంచెము ముందునకు వంచిరి. ట్రిగ్గరు మాత్రము బయటనే యుండెను. సుత్తిని ముందుగా వెనుకకు లాగిననే గాని పేలని పాత రివాల్వరులకు అది చెల్లినది గాని, నేటి ఆయుధములకు పనికిరాదు. అందుచేత నేటి పనివారు ఆ రూపమును గ్రహించి ట్రిగ్గరును పూర్తిగా కప్పుదురు. పూర్వుల నమూనాను గౌరవించుచునే దాని లోపమును దిద్దుట సంప్రదాయమునకు ద్రోహము కాదు.

తొడకు జాఱి వ్రేలాడు ఒరను 1870 నాటి కథలలో చూపినవి చలనచిత్రములు. అట్టి ఒరను వ్రేలాడదీయు పటకాలు వాస్తవమునకు 1920 ప్రాంతమున గాని రూపొందలేదు. 1950 తరువాత ఆర్వో ఓజలా అను హాలీవుడ్ పనివాడు తోలుపొరల నడుమ లోహపు రేకు నుంచి, కన్నుమూసి తెఱచునంతలో తుపాకి దూయుటకు అనువైన ఒరలను నటులకు చేసి యిచ్చెను. 1971లో 'మోసగాళ్ళకు మోసగాడు' మొదలుకొని కౌబాయ్ చిత్రములను చూచిన తెలుగు ప్రేక్షకుని మనస్సున నిలిచిన ఒర ఈ వెండితెర సంతతిలోనిదే. కనుకనే, శ్రమకోర్చి పాత ఒరలను కొలిచి, వానివలె కుట్టు అభిరుచిగల పనివాడు చరిత్రకు సైతము ఉపకారి యగుచున్నాడు.

ఇక తోలు సంగతి. ఒరకు కావలసినది వృక్షకషాయములలో ఊఱిన తోలు. చెట్టు బెరడులందలి టానిన్ చర్మపు పోగులతో కూడి, తడిసినపుడు మెత్తబడి, ఆఱినపుడు పొందిన ఆకృతిని విడువని గుణమును దానికిచ్చును. 1884లో న్యూయార్కున ఆగస్టస్ షుల్ట్జ్ పేటెంటు పొందిన క్రోము పద్ధతి వారముల పనిని రోజులలోనికి దించినది గాని, ఆ తోలు మెత్తనిది, ఆకృతి నిలువదు. అందలి లవణములు ఉక్కును తుప్పుపట్టించునను భయమును కలదు. సెయింట్ లూయిస్ నగరమున 1881లో స్థాపితమైన హెర్మన్ ఓక్ కర్మాగారపు తోలు ఈ పనివారికి ప్రీతిపాత్రము. మన లందలలో తంగేడుచెక్కతోను, కరక్కాయతోను ఊఱవేసి చేసిన తోలును ఈ జాతిదే; మద్రాసు రేవునుండి 'ఈస్టిండియా' తోళ్లు అను పేర విదేశములకు తరలిన సరుకునకు ఆ తంగేడే ఆధారము. అమెరికా వర్తకులు మందమును ఔన్సులలో చెప్పుదురు. ఒక ఔన్సు అనగా అంగుళములో 64వ వంతు. ఒరకు ఏడు మొదలు తొమ్మిది ఔన్సుల తోలు, అనగా సుమారు మూడు మిల్లీమీటర్ల మందము గలది, వీపు భాగమునుండియో భుజభాగమునుండియో కోసినది తగును. పొట్టభాగపు తోలు సాగును గనుక దానిని వర్జింతురు.

పనియంతయు ఖాళీ ఆయుధముతో, మేలుగా ప్లాస్టిక్కుతోనో అల్యూమినియముతోనో పోతపోసిన నకలుతో జరుగవలెను. మందపాటి కాగితముపై నకలును పరుండబెట్టి, చుట్టును గీత గీసి, దాని మందమునకును కుట్టునకును తగిన చోటు విడిచి నమూనాను కత్తిరింతురు. కుట్టు వెంబడి రెండు పొరల నడుమ సన్నని తోలుపట్టీ నొకదానిని చేర్తురు. ఆయుధపు మందమునకు చోటిచ్చుటతోపాటు, గొట్టము కొనయందలి గురి దారమును కోయకుండ అది అడ్డుపడును.

కుట్టునందు చేతిపని యంత్రమును మించినది. యంత్రపు కుట్టులో పైదారము, క్రిందిదారము తోలు నడుమ ఒకదానినొకటి పెనవేసికొని నిలుచును. ఒకచోట తెగినచో వరుసగా విడిపోవు ప్రమాదము కలదు. జీను కుట్టులో దారమొక్కటే, సూదులు రెండు. మైనము రుద్దిన అవిసెనార దారపు రెండు కొనలకును మొద్దుసూదులు తగిలించి, తోలును మోకాళ్ల నడుమ కొయ్య పట్టుకఱ్ఱలో బిగించి, ఆరెతో రంధ్రము చేసి, అదే రంధ్రమున ఒక సూదిని కుడినుండియు ఒక సూదిని ఎడమనుండియు దూర్చి, రెండు చేతులను సమముగా చాచి బిగింతురు. ఒక దారపుకొన తెగినను రెండవది ఆ చోటును పట్టియుండును. ఆరె మొన గుండ్రనిది కాదు. వజ్రాకారపు కోత పెట్టి, తోలును తొలగింపక ప్రక్కకు నెట్టును గనుక, దారము పోయిన పిమ్మట తోలు దానిపై మూసికొనును. అంగుళమునకు ఆఱు మొదలు ఎనిమిది కుట్లు. ఆరె ప్రతిమారును ఒకే వాలున పడవలెను, ఏ చేతి సూది ముందు పోవునో అదియే కడవఱకు ముందు పోవలెను. ఈ నియమము తప్పినచో ముందువైపు కుట్టు నిటారుగా నున్నను వెనుకవైపు వంకరలు పోవును. పనివాని నిజాయితీని తెలిసికొనగోరువాడు ఒరను త్రిప్పి వెనుకవైపు చూచును.

తడిపి హత్తించుట ఈ కళకు ప్రాణము. కుట్టిన ఒరను గోరువెచ్చని నీట ముంచి, బుడగలు ఆగునంతవఱకు ఉంచి తీసి, తోలు తన సహజవర్ణమును మరల పొందసాగువఱకు వేచియుందురు. ఈ సమయమును గ్రహించుట చేతికే తెలియును: తడి ఎక్కువైనచో నొక్కిన గుర్తు నిలువదు, తక్కువైనచో తోలు లొంగదు. అపుడు పలుచని ప్లాస్టిక్కు చుట్టిన నకలును లోపల దూర్చి, గొట్టము పైభాగమున గురి పోవుటకై సన్నని కఱ్ఱపుల్లను చేర్చి, ముందు వ్రేళ్లతోను, పిమ్మట నునుపైన ఎముక పనిముట్టుతోను తూటాల చక్రపు అంచును, ట్రిగ్గరు చుట్టుగల వలయమును నొక్కి రూపు కట్టింతురు. తోలు గుంటలలోనికి దిగినంత మేర పట్టు హెచ్చును గాని, మితిమీరి దిగినచో దూయునపుడు అడ్డుతగులును. ఎచ్చట ఆగవలెనో తెలియుటయే నేర్పు. పిమ్మట నీడపట్టున, గాలి తగులుచోట, నెమ్మదిగా ఆఱనీయవలెను. ఎండలోనో పొయ్యికడనో పెట్టినచో తోలు పెళుసై పగులును.

అంచులను చెక్కి, తడిపి, కొయ్యతో రుద్ది నిగ్గుదేర్చుట, రంగు వేయుట, పశువుల కాలిఎముకలనుండి తీసిన నూనెను పలుచగా పట్టించుట తరువాతి పనులు. నూనె మితిమీరిన కొలది తోలు మెత్తబడి, కష్టపడి కట్టించిన రూపు సడలును. పూర్తియైన ఒరలో ఆయుధమును నెలల తరబడి నిలువయుంచరాదు. తోలులోని చెమ్మయు ఆమ్లమును ఉక్కునకు శత్రువులు.

ఈ విద్య వృత్తిగాండ్ర అంగళ్లనుండి సామాన్య గృహములకు వచ్చుటకు రెండవ ప్రపంచయుద్ధము ఒక కారణము. గాయపడిన సైనికులకు ఆసుపత్రులలో తోలుపని నేర్పుటను నౌకాదళమున పనిచేయుచు గమనించిన చార్ల్స్ టాండీ, ఫోర్ట్ వర్త్ నగరమున తన తండ్రి నడపిన తోలు వ్యాపారమును అభిరుచి పనివారి వైపునకు మరల్చెను. అల్ స్టోల్మన్ అను నిపుణుడు ఒరల తయారిని గూర్చి బొమ్మలతో, నమూనాలతో గ్రంథము వ్రాసి, గురువు లేని చోట గురువయ్యెను. గంటల లెక్కన కూలి కట్టినచో ఇట్టి ఒర ఎన్నటికిని గిట్టుబాటు కాదు. కాని కర్మాగారము అధికసంఖ్యాకుల చేతికి మాత్రమే కొలత తీసికొనును. ఎడమచేతివాటము వానికి, అమ్మకము తగ్గిన పాత రివాల్వరు గలవానికి, నడుము ఒంగి కూర్చుండి బండి నడుపువానికి అచ్చట దొరకునది అల్పము. అభిరుచి పనివాడు అదే కాగితపు నమూనాను బోర్లవేసి గీత గీసిన చాలును, ఎడమచేతి ఒర సిద్ధమగును.