కుంటు పిల్లికి తగిన సేవ

టికియాపారా స్టేషనుకు చేరువనున్న మా వీథులలో పిల్లి యే యొక్కరి సొత్తును గాక అందరి యింటిదై తిరుగుచుండును. షష్ఠీదేవి వాహనమన్న భక్తిచేత వంగ గృహిణులు దానికి చేపతల పెట్టనిదే తాము అన్నము ముట్టరు. అట్టి ఆదరము గల చోటనే, కుంటుచు వచ్చిన పిల్లికి మనుష్యుల జ్వరమాత్రను పాలలో నూరి పోయబోవుట చూచి నేను కంపించితిని. ఆ చేయి దయతో చాచినదే యగుటచేతనే యీ మాట వ్రాయవలసివచ్చినది.

పారసెటమాల్ మనకు ఔషధము, మార్జాలమునకు విషము. మన కాలేయము ఆ మందును విఱిచి వెలుపలికి పంపివేయును. పిల్లి కాలేయమున ఆ పని చేయు ఎంజైము మిక్కిలి కొఱతయగుటచే, మిగిలిన విషాంశము రక్తమునందలి హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయజాలని రూపమునకు మార్చును. చిగుళ్లు గోధుమవన్నెకు తిరుగును, ముఖము వాచును, ఒక్క మాత్రయే ప్రాణము తీయగలదు.

కావున మొదట చేయవలసినది చూచుట. పిల్లి బాధను దాచుకొను జంతువు. అఱవలేదు గనుక నొప్పి లేదని తలపరాదు. గదిలో నడవనిచ్చి యే కాలు మోపకున్నదో గమనించి, పిదప తువాలుతో చుట్టి, బాగున్న కాలితో ఆరంభించి, వ్రేళ్లనుండి పైకి మెల్లగా తడుముచు పోవలెను. పాదములో గాజుపెంకో, వంకర తిరిగి మాంసమున దిగిన గోరో దొరకవచ్చును. నేను తఱచుగా చూచినది మగపిల్లుల కలహములో దిగిన కోఱగాటు: సూదిమొనయంత రంధ్రము పైన మూసికొని, లోన చీముపట్టి, కాలు వేడెక్కి ఉబ్బును. దానిని ఇంట పిదుకరాదు. తడుమునప్పుడు మనకు కాటు పడినచో, సబ్బునీటితో పదునైదు నిమిషములు కడిగి రేబిస్ టీకాకు పోవలెను.

వెనుకకాళ్లు హఠాత్తుగా చచ్చుబడి, చల్లబడి, పిల్లి ఘోరముగా అఱచినచో రక్తపుగడ్డ మహాధమనిని అడ్డగించినదని శంకించి తత్‌క్షణమే వైద్యుని చేరవలెను. మేడనుండి పడినదియు నట్లే. 1987లో న్యూయార్కు వైద్యులు అట్టి 132 పిల్లులను గూర్చి ప్రకటించినపుడు, నూటికి 90కి ఱొమ్ములో దెబ్బ యుండెను, చికిత్స పొందినవానిలో నూటికి 90 బ్రతికెను.

గంగ కావల బెల్గాఛియాలో 1893 నాటి పశువైద్య కళాశాల నేడు విశ్వవిద్యాలయమై యున్నది. అచట ఆసుపత్రి కలదు. గాలియాడు అట్టపెట్టెలో పాతగుడ్డ పఱచి, పిల్లిని కూర్చుండబెట్టి కొనిపొండు. ఇంటి మందుపెట్టెను మాత్రము, పాఠకులారా, తెఱవకుడు.